సుమోలు గాల్లోకి... గాయాలు ఊళ్లోనే

*పల్లె కక్షను పాతికేళ్లకు పైగా ఫిలింనగర్ పండగ సినిమాగా వడ్డిస్తోంది. అదే కక్షను ఓ అంటుజబ్బులా చూస్తే? ఎవరి నుంచి ఎవరికి సోకింది, ఎక్కడ తగ్గింది, ఎందుకు తగ్గింది?*

1997 నవంబరు 19, బుధవారం. జూబ్లీహిల్స్ కొండ మీదున్న రామానాయుడు స్టూడియోలో కొత్త సినిమా ముహూర్తం. సినిమా ముహూర్తమంటే తెలిసిందే. పూజ, కొబ్బరికాయ, క్లాప్ కొట్టే పెద్దమనిషి, స్విచ్చాన్ చేసే మరో పెద్దమనిషి, కెమెరాల ముందు నాలుగు ముక్కలు, ఆపైన భోజనాలు. ఆ సినిమా పేరు ‘శ్రీరాములయ్య’. దర్శకుడు ఎన్.శంకర్, హీరో మోహన్‌బాబు. అనంతపురం జిల్లాలో పేదల భూముల కోసం నిలబడి, 1975లో హత్యకు గురైన పరిటాల శ్రీరాములు జీవితమే కథ. ఆయన కొడుకు, అప్పటి పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవి ఆ ముహూర్తానికి వచ్చారు.

కార్యక్రమం ముగించుకుని రవి వాహనం వెళుతుండగా దారిలో నిలిపి ఉంచిన ఓ కారు పేలిపోయింది. రిమోట్‌తో పేల్చిన బాంబు అది. 26 మంది చనిపోయారు. గాయపడినవాళ్లు అంతకంటే ఎక్కువ. ముహూర్తం వార్త కోసం వచ్చిన ఈటీవీ సిబ్బంది కూడా మృతుల్లో ఉన్నారు. ఎవరి మీద గురిపెట్టారో ఆ రవి మాత్రం గాయాలతో బయటపడ్డారు.

కెమెరా మోసుకుని డ్యూటీకి వచ్చినవాళ్లకు ఏ పార్టీతో ఏం పని? రవి వాళ్ల రామగిరి ఎక్కడో, ఆయన ప్రత్యర్థుల మద్దెలచెరువు ఎక్కడో వాళ్లకు పట్టింపే లేదు. అయినా ఆ రెండు ఊళ్ల మధ్య కక్ష దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు ప్రయాణించి, ఫిలింనగర్ గుమ్మంలో వాళ్లను చంపింది.

ఇది జరిగి దగ్గర దగ్గర మూడు దశాబ్దాలు. తెర మీద నెత్తురు మోతాదు గురించి ఇప్పుడు మళ్లీ మాటలు నడుస్తున్నాయి. 2025 మేలో వచ్చిన ‘హిట్: ది థర్డ్ కేస్’కు పెద్దలకు మాత్రమే అంటూ ‘ఎ’ సర్టిఫికెట్ వచ్చింది. ఇంత రక్తం అవసరమా అని కొందరు, ఇష్టంలేనివాళ్లు చూడొద్దని ఇంకొందరు. టీవీ చర్చల్లోనూ టీకొట్ల దగ్గరా ఇదే వాదన. ఈ గోలలో ఎప్పటిలాగే ఒక ప్రశ్న వెనకబడిపోయింది. తెర మీది హింస సంగతి సరే, అది పుట్టిన పల్లెలో అసలు హింస ఏమైంది? గాయపడ్డ మనుషులు ఏమయ్యారు?

రెండు ఊళ్లు, ఒక గొలుసు

పరిటాల వారిది రామగిరి మండలం వెంకటాపురం. గంగుల సూర్యనారాయణరెడ్డి అలియాస్ మద్దెలచెరువు సూరిది కనగానపల్లి మండలం మద్దెలచెరువు. ఇప్పుడు రెండూ శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్నాయి. వర్షాధారపు వేరుశనగ చేలు, బోర్లు ఎండిన తోటలు, ఒకప్పుడు బంగారం తవ్వి మూసేసిన రామగిరి గనులు... ఇదీ ఆ నేల.

జూబ్లీహిల్స్ పేలుడు కేసులో సూరికి యావజ్జీవ శిక్ష పడింది. సూరి వైపునుంచి వినిపించే కథ అంతకు నాలుగేళ్ల ముందు మొదలవుతుంది. 1993లో మద్దెలచెరువులోని వాళ్లింట్లో టీవీలో అమర్చిన బాంబు పేలి కుటుంబ సభ్యులు చనిపోయారు. అది రవి వర్గం పనేనని సూరి వర్గం నమ్మింది. ఇటు రవి వైపునుంచి వినండి, కథ 1975 దాకా వెళుతుంది. తండ్రి హత్య దగ్గర ఆగుతుంది. ఎవరి కథ వారికి న్యాయంగానే ఉంటుంది. ఎవరి లెక్కలో చూసినా మొదటి దెబ్బ ఎదుటివాడిదే.

పోలీసు దస్త్రంలో ఇవి వేర్వేరు కేసులు. కోర్టులో వేర్వేరు నంబర్లు. సినిమావాళ్లకు ఇదంతా ఒకే పగ, రెండు భాగాలకు సరిపడా కథ. కలరా డాక్టరుకు చూపిస్తే మాత్రం ఆయన ఇంకోలా చదువుతాడు. ఫలానా ఇంట్లో మొదటి కేసు, అక్కణ్నుంచి పక్క ఊరికి, పక్క ఊరినుంచి తాలూకా కేంద్రానికి, అక్కణ్నుంచి రాజధానికి.

> కక్ష కదిలిన దారి
>
> 1975: పరిటాల శ్రీరాములు హత్య
> 1983: గంగుల నారాయణరెడ్డి (సూరి తండ్రి) హత్య
> 1991: పెనుకొండ నేత సానె చెన్నారెడ్డి హత్య
> 1993: మద్దెలచెరువులో టీవీ బాంబు
> 1997: జూబ్లీహిల్స్‌లో కారు బాంబు, 26 మంది మృతి
> 2005 జనవరి 24: అనంతపురంలో పార్టీ కార్యాలయం దగ్గర పరిటాల రవి హత్య
> 2008: రవి హత్య కేసులో ప్రధాన నిందితుడు మొద్దు శీను అనంతపురం జైల్లో హత్య
> 2011 జనవరి: హైదరాబాద్ యూసుఫ్‌గూడలో కారులో వెళుతున్న సూరి హత్య. కాల్చింది వెంట ఉన్న అనుచరుడు భానుకిరణే. 2018లో అతడికి యావజ్జీవ శిక్ష

ఈ గొలుసులో చివరి హత్య జరిగిన యూసుఫ్‌గూడ కృష్ణానగర్‌ను ఆనుకునే ఉంటుంది. వేషాల కోసం పల్లెల నుంచి వచ్చినవాళ్లు అద్దె గదుల్లో కాపురముండే పేట అది. రాంగోపాల్ వర్మ రవి-సూరిల వైరం మీద తీసిన ‘రక్తచరిత్ర’ రెండో భాగం 2010 డిసెంబరులో విడుదలైంది. నెల తిరిగేసరికి సూరి లేడు. తెర మీది పాత్ర ఇంకా థియేటర్లలో తిరుగుతుండగా అసలు మనిషి శవపరీక్షకు వెళ్లాడు.

డాక్టరు చూపు వేరు

హింసను ఆరోగ్య సమస్యగా చూడాలన్నది ఎవరో మెత్తటి మనసువాళ్ల ముచ్చట కాదు. 1996లోనే ప్రపంచ ఆరోగ్య సభ ఆ మేరకు తీర్మానం చేసింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హింస, ఆరోగ్యం మీద తొలి సమగ్ర నివేదిక తెచ్చింది. కొట్టుకోవడం, చంపుకోవడం మనిషి నైజమనో, తలరాతనో వదిలేయనక్కర్లేదనీ, మలేరియాకు కారణాలు వెతికినట్టే దీనికీ వెతకొచ్చనీ ఆ నివేదిక సారాంశం.

అమెరికా వైద్యుడు గ్యారీ స్లట్‌కిన్ ఇంకో అడుగు ముందుకేశాడు. క్షయ, కలరా, ఎయిడ్స్ మీద ఆఫ్రికాలో ఏళ్లపాటు పనిచేసి షికాగోకు తిరిగొచ్చాడాయన. నగరంలో తుపాకి కాల్పులు ఎక్కడెక్కడ జరిగాయో చూపే మ్యాపులు ముందేసుకుంటే అచ్చం కలరా మ్యాపుల్లా కనిపించాయట. ఒక కేసు చుట్టూ గుంపుగా మరికొన్ని కేసులు. 2000లో ఆయన బృందం షికాగోలోని ఒక పేటలో పని మొదలుపెట్టింది. ఒకప్పుడు గ్యాంగుల్లో తిరిగి మారినవాళ్లనే తీసుకుని, కాల్పులు జరిగిన రాత్రే ఆసుపత్రికి, బాధితుడి ఇంటికి పంపేవారు. ‘ఎవరు చేశారు?’ అన్నది పోలీసుల ప్రశ్న. వీళ్ల ప్రశ్న ‘ఇప్పుడు ఎవరు బయల్దేరబోతున్నారు?’

ఆ రెండో ప్రశ్న మన క్యాజువాలిటీల్లో ఎన్నడైనా వినిపించిందా? కొడవలి వేటుతో వచ్చినవాడికి కుట్లు వేస్తారు. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాస్తారు. గాయం పొడవెంత, లోతెంత, ఏ ఆయుధంతో తగిలిందన్న సర్టిఫికెట్ కోర్టుకు వెళుతుంది. మంచం పక్కన నిలబడి పళ్లు కొరుకుతున్న తమ్ముడి సంగతి ఏ కాగితంలోనూ ఉండదు. ఫ్యాక్షన్ ఊళ్లలో రెండో కేసు చాలాసార్లు ఆ మంచం పక్కనే పుట్టింది.

వాన చాలని చోట

‘రాయలసీమ రక్తంలోనే ఉంది’ అన్న మాట సినిమాల పుణ్యమా అని సామెతలా స్థిరపడింది. చరిత్ర అలా చెప్పదు. అసలు రాయలసీమ అన్న పేరుకే వందేళ్లు నిండలేదు. 1928లో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించిన పేరు అది. అంతకుముందు ఆ జిల్లాలను దత్తమండలాలనేవారు. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీవాళ్లకు అప్పగించిన నేల. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అక్కడి పాలెగాళ్లను ఒక్కొక్కరినే అణచి, గ్రామ పెత్తనాన్ని రెడ్డి, కరణాల మీదుగా నడిపించాడు. పాలెగాడి కోట పోయింది గానీ ఊరిమీద పట్టు ఎవరిదన్న పోటీ పోలేదు.

దానికి తోడు కరువు. అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దాపుల. సేద్యం మీద మిగులు లేనిచోట డబ్బు దారులు వేరేగా ఉంటాయి. సారా పాటలు, రోడ్డు కాంట్రాక్టులు, చెరువు పనులు, క్వారీలు, గనులు. వాటికి రాజకీయం కావాలి, రాజకీయానికి ఓట్లు కావాలి, ఓట్లకు ఊరు మొత్తం చెప్పుచేతల్లో ఉండాలి. పౌరహక్కుల నేత కె.బాలగోపాల్ ఏళ్లపాటు ఆ ఊళ్లు తిరిగి రాసిన వ్యాసాల్లో పదే పదే ఎత్తిచూపింది ఈ ముడినే. నాయకులు ఏ కులమైనా, ముందు నడిచి చచ్చేదీ తర్వాత జైలుకెళ్లేదీ ఎక్కువగా వాళ్ల వెంట తిరిగే పేద రైతులు, కూలీలే.

సీమ కథకులు కూడా ఇదే మొత్తుకున్నారు. సింగమనేని నారాయణ, కేతు విశ్వనాథరెడ్డి, బండి నారాయణస్వామి కథల్లో కొడవలికంటే ఎక్కువగా కనిపించేది ఎండిన బావి. హైదరాబాదుకు చేరిన సీమ మాత్రం బావిని అక్కడే వదిలేసి కొడవలిని ఒక్కదాన్నే పట్టుకొచ్చింది.

కొడవలికి కాసులు

పేలుడుకు ఆరు నెలల ముందు, 1997 మేలో ‘ప్రేమించుకుందాం రా’ విడుదలైంది. వెంకటేష్ హీరో. తీసింది సురేష్ ప్రొడక్షన్స్, అంటే రామానాయుడు స్టూడియో వాళ్ల సంస్థే. ప్రేమకథకు కర్నూలు వైపు ముఠా కక్షలను నేపథ్యంగా పెట్టి గెలిచిన సినిమా అది. 1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’ వచ్చి దారిని హైవే చేసింది. 2001 సంక్రాంతికి ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, 2003 సంక్రాంతికి ‘ఒక్కడు’. సంక్రాంతి అంటే గొబ్బెమ్మలు, హరిదాసులు, గాల్లోకి లేచే సుమోలు అన్నట్టు తయారైంది. కర్నూలు కొండారెడ్డి బురుజు చారిత్రక కట్టడంగా కంటే ఫైటు జరిగే చోటుగానే ఎక్కువమంది తెలుగువాళ్లకు తెలుసు.

ఈ సినిమాల్లో కక్షకు ఓ ఠీవి ఉంటుంది. తెల్ల పంచె, కోర మీసం, చేతికి కడియం. వందమంది కూలిపోతారు, ఒక్కరికీ పేరుండదు. పేరులేని ఆ వందమందే నిజానికి ఊరు. ఎవరి కాలికి పక్షవాతం వచ్చింది, ఎవరి భార్య పుట్టింటికి పోయింది, ఎవరి పొలం బీడు పడింది అన్నది రెండున్నర గంటల్లో పట్టే కథ కాదు. ప్రేక్షకుడికి సరదా, నిర్మాతకు డబ్బు, అందులో పెద్ద తప్పేమీ లేదు. సినిమా చూసి ఎవరూ కొడవలి పట్టలేదు కూడా. కొడవళ్లు సినిమాలకంటే ముందునుంచే ఉన్నాయి. నష్టం ఇంకోచోట జరిగింది. సీమ కుర్రాడు చదువుకోవడానికి హైదరాబాదో విజయవాడో వెళితే, ‘మీ ఊళ్లో బాంబులేస్తారటగా’ అన్నది మొదటి పలకరింపు అయింది. అక్కడి విద్యార్థులు, రచయితలు దీనిమీద ఎన్నోసార్లు నిరసన చెప్పారు. రోగాన్ని చూపించకుండా రోగిని వెక్కిరించడం ఇది.

మినహాయింపులు లేకపోలేదు. 1998లో కృష్ణవంశీ తీసిన ‘అంతఃపురం’ కథను కోడలి కళ్లతో చూసింది. మారిషస్ నుంచి భర్త వెంట సీమ పల్లెకు వచ్చిన అమ్మాయికి భర్త దక్కడు. కొడుకునైనా దక్కించుకుని బయటపడాలన్నదే ఆమె తపన. ఆ పాత్రలో సౌందర్య పరుగు చూసినవాళ్లకు గుర్తుంటుంది. 2018లో త్రివిక్రమ్ ‘అరవింద సమేత వీరరాఘవ’ హింస ఆగిన మర్నాడు ఏం చేయాలన్న ప్రశ్న వేసింది, మొదటి అరగంటలోనే కడుపునిండా నరుక్కున్నాక అనుకోండి.

> తెర మీద ఏ వయసుకు ఎంత?
>
> 2024 సినిమాటోగ్రాఫ్ సర్టిఫికేషన్ నిబంధనలతో యూఏ సర్టిఫికెట్‌ను మూడు వయసులుగా విడదీశారు: 7+, 13+, 16+. ఆ వయసు లోపు పిల్లలు చూడాలా వద్దా అన్నది తల్లిదండ్రుల నిర్ణయం. ‘ఎ’ సర్టిఫికెట్ ఉన్న సినిమాకు 18 ఏళ్లు నిండనివాళ్లను థియేటర్‌లోకి అనుమతించకూడదు.

ఫిలింనగర్ చూడని పల్లె

ఇంకో సంగతి. సినిమాకు నచ్చిన పల్లె హింస ఒక్క రకమే. ఇద్దరు పెద్దమనుషులు, సరిసమానమైన బలగాలు. బలం ఒక్కవైపే ఉన్న హింస మన తెరకు పెద్దగా ఎక్కలేదు. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని చంపారు. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టడం, పళ్లు ఊడగొట్టడం, చంపడం దశాబ్దాలుగా వార్తల్లో వస్తూనే ఉంది. ఊళ్లో ఎవరికో జ్వరం తగ్గకపోతే, పసిబిడ్డ చనిపోతే, ఆ నెపం ఒంటరి ముసలమ్మ మీద పడుతుంది. జ్వరానికి సరైన వైద్యం దొరికి ఉంటే సగం అనుమానాలు పుట్టేవే కావు. వైద్యం లేకపోవడం హింసకు ఎలా దారితీస్తుందో చెప్పడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు.

ఇక నాలుగు గోడల మధ్యది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం పెళ్లయిన 18-49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో హింసకు గురైనవాళ్లు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు అటూఇటూ. ఈ లెక్క తీసింది పోలీసు శాఖ కాదు, ఆరోగ్య శాఖ సర్వే. పిల్లల టీకాలు, తల్లుల రక్తహీనత అడిగిన కాగితంలోనే ఈ ప్రశ్నా ఉంది. పోలీసుస్టేషన్ మెట్లెక్కని దెబ్బ ఏఎన్‌ఎం కంటనో ఆశా కార్యకర్త కంటనో ముందు పడుతుంది. ‘బాత్రూంలో జారిపడ్డానక్కా’ అన్న మాట వెనక ఏముందో వాళ్లకు తెలుసు. తెలిసినా, ఆ తర్వాత ఏం చేయాలో చెప్పిన శిక్షణ తక్కువ.

తెలుగు పల్లె ఆడవాళ్లు ఈ జబ్బు మూలాన్ని డాక్టర్లకంటే ముందే పట్టుకున్నారన్నదీ నిజమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం చేసింది అదే. రాత్రి తన్నులకు పగలు వేలం పాడే సారాకు ఉన్న లంకెను ఆ ఊరి రోశమ్మలాంటివాళ్లు అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని విప్పారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. సీమలో ముఠాలకు డబ్బు పోసిన ఊటల్లో సారా పాట ఒకటి గనుక ఆ ఉద్యమం తెలిసో తెలియకో ఫ్యాక్షన్ వేరునూ కొంత కోసింది.

> లెక్కలు, నంబర్లు
>
> ప్రపంచంలో ఏటా హింస వల్ల చనిపోతున్నవారు 16 లక్షల మందికి పైగా అని 2002 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక. ఇందులో దాదాపు సగం ఆత్మహత్యలు. యుద్ధాల్లో పోయినవారు అయిదో వంతు మాత్రమే.
>
> గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది.
>
> మహిళల హెల్ప్‌లైన్ 181. అత్యవసర సాయం 112. మానసిక ఆరోగ్య సలహాకు టెలిమానస్ 14416.

బతికి మిగిలినవాళ్లు

ఫ్యాక్షన్ ఊళ్లో చనిపోయినవాళ్ల సంఖ్య తేలిగ్గా దొరుకుతుంది, బతికినవాళ్ల లెక్క దొరకదు. నాటుబాంబు చుడుతుండగా వేళ్లు పోగొట్టుకున్నవాడు ఎంఎల్‌సీ భయానికి ఆసుపత్రికి వెళ్లడు. గడ్డివాములో దాచిన బాంబు బంతి అనుకుని తీసిన పిల్లవాడి కథ సీమ పత్రికల జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు వచ్చిందో. ఊరు రెండుగా చీలితే వీధులు చీలుతాయి, హోటళ్లు చీలుతాయి, చేతిపంపు దగ్గర వరసలు చీలుతాయి. మగవాళ్లు కేసుల భయంతో ఊరొదిలితే సేద్యం, కోర్టు వాయిదాలు, వడ్డీలు అన్నీ ఆడవాళ్ల నెత్తిన పడతాయి. చీకటి పడితే తలుపు చప్పుడుకు ఉలిక్కిపడటం అలవాటైపోయిన ఇంట్లో పెరిగిన పిల్లలకు అది రోగమని కూడా తెలియదు. అందరి ఇళ్లూ అలాగే ఉంటాయనుకుంటారు.

రవి భార్య సునీత 2005 ఉప ఎన్నికలో గెలిచి శాసనసభకు వెళ్లారు, తర్వాత మంత్రి అయ్యారు. సూరి భార్య భానుమతి కూడా పెనుకొండలో ఎన్నికల బరిలోకి దిగారు. ఇద్దరికీ వేదిక దొరికింది, మైకు దొరికింది. ఆ రెండు వర్గాల వెనక నడిచి పోయిన మామూలు మనుషుల భార్యలు వేరుశనగ చేలల్లో, ధర్మవరం మగ్గాల దగ్గర, కువైట్ వెళ్లే విమానాల్లో కనిపిస్తారు. వాళ్ల పేర్లతో సినిమా లేదు, శిలాఫలకం లేదు.

మందు ఎక్కడ పనిచేసింది?

ఇంతకీ ఫ్యాక్షన్ తగ్గిందా? తొంభైల నాటితో పోలిస్తే చాలా తగ్గింది. ఎవరు తగ్గించారంటే తలా ఒక పేరు చెబుతారు. పోలీసులు తమ గస్తీలు, బైండోవర్లు అంటారు. రాజకీయ నాయకులు తమ అభివృద్ధి అంటారు. నిజం నాలుగైదు చోట్ల ముక్కలుగా ఉంది. పిల్లలు ఇంజినీరింగ్ సీట్ల కోసం ఊరు దాటారు. బెంగళూరు దగ్గరైంది. కక్ష కోసం ఎకరాలమ్మినవాళ్ల కొడుకులు ఫ్లాట్ల కోసం ఎకరాలమ్మారు. నాయకులకూ కొడవలికంటే కాంట్రాక్టు లాభమని అర్థమైంది. హింస పోయి శాంతి వచ్చిందనడం కంటే, హింసకు గిట్టుబాటు తగ్గిందనడం నయం.

కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో కప్పట్రాళ్ల అనే ఊరుంది. ఫ్యాక్షన్ పేరు చెబితే మొదట గుర్తొచ్చే ఊళ్లలో ఒకటి. 2008 మేలో ఆ ఊరి నాయకుడు వెంకటప్పనాయుడుతో పాటు మొత్తం పదకొండు మందిని దారికాచి చంపారు. 2014లో ఆదోని కోర్టు పలువురికి యావజ్జీవ శిక్ష వేసింది. ఒక వైపు సమాధులు, ఇంకో వైపు జైలు గదులు. మధ్యలో మిగిలింది ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు.

అప్పటి కర్నూలు ఎస్పీ ఆకె రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకున్నారు. పోలీసాయన ఫ్యాక్షన్ ఊరికి వస్తున్నాడంటే లాఠీలు, పికెట్లు అనుకుంటాం. ఆయన ఎక్కువగా మాట్లాడింది బడి, రోడ్డు, మరుగుదొడ్డి, ఉపాధి గురించి. స్లట్‌కిన్ పేరు ఆ ఊళ్లో ఎవరూ విని ఉండరు. జరిగింది మాత్రం ఆ పద్ధతికి దగ్గరిదే. శిక్షల పని కోర్టు చూసుకుంటుంది, తర్వాతి తరానికి అంటకుండా చూడటం ఇంకెవరో చేయాలి. ఈ ఊళ్లో ఆ పనికి ఒక ఖాకీ చొక్కా దొరికింది. అన్ని ఊళ్లకూ అలాంటి ఎస్పీ దొరకడు, దొరికినా బదిలీ అయిపోతాడు. బదిలీ కాని మనిషి ఊళ్లో ఉండే ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు. వాళ్ల రిజిస్టర్లలో బీపీకి, షుగరుకు, గర్భిణులకు గళ్లున్నాయి. కొట్లాటలో తండ్రి పోయిన పిల్లవాడికి ఇప్పటికీ గడి లేదు.

2024 చివర్లో కప్పట్రాళ్ల మళ్లీ పత్రికల్లోకెక్కింది. ఈసారి కొడవళ్లతో కాదు. ఊరి పక్క అటవీ ప్రాంతంలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసింది. నీళ్లు పాడవుతాయని, పిల్లలకు జబ్బులొస్తాయని భయపడి కప్పట్రాళ్ల వాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు రోడ్డెక్కారు. ఆడవాళ్లు పనులు మానుకుని వచ్చి కూర్చున్నారు. బళ్లారి వైపు వెళ్లే వాహనాలు ఆగిపోయాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఒకప్పుడు ఎదుటి పార్టీ వీధిలోకి నీళ్లకు కూడా వెళ్లని ఊరు అది.